జబ్బు పిల్లిది, అలసట నాది

జబ్బుపడ్డ జంతువును ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నవాళ్లు తమ బాధ చెప్పుకోవలసి వచ్చినప్పుడు ముందుగా ఒక సంజాయిషీ ఇచ్చుకుంటారు. "పిల్లే కదా అనిపించవచ్చు గానీ" అనో, "మనుషులకే దిక్కులేనప్పుడు కుక్క గురించి ఏడవడమేమిటని నవ్వుతారేమో గానీ" అనో మొదలుపెట్టి, ఎదుటివాళ్ల ముఖం చూసి, మిగతాది చెప్పాలో వద్దో తేల్చుకుంటారు. కిడ్నీలు పాడైన ఒక ముసలి పిల్లిని చివరిదాకా చూసుకున్న మనిషిని కనుక ఈ సంజాయిషీ నాకూ బాగా అలవాటు. ఇక్కడ మాత్రం దాన్ని పక్కన పెట్టి ఒక మాట సూటిగా చెప్పదలుచుకున్నాను. జంతువుకు సేవ చేసే మనిషి అలసట చికిత్సకు సంబంధం లేని సొంత విషయం కాదు. మందు మోతాదునూ రక్తపరీక్షల ఫలితాలనూ లెక్కలోకి తీసుకున్నట్టే దాన్నీ తీసుకోవాలి. డాక్టరు ముందు దాన్ని దాచిపెడితే నష్టపోయేది ఆ మనిషి ఒక్కరే కాదు, ఆ జంతువు కూడా.

ఈ అలసట సున్నితమనస్కుల అతిశయోక్తి కాదని చెప్పడానికి ఒక అధ్యయనాన్ని ప్రస్తావిస్తాను. అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ బెత్ స్పిట్జ్‌నాగెల్, ఆమె సహపరిశోధకులు 2017లో వెటరినరీ రికార్డ్ పత్రికలో ప్రచురించిన ఆ అధ్యయనంలో 238 మంది పాల్గొన్నారు. వారిలో సగం మంది దీర్ఘకాలిక జబ్బుతోనో నయంకాని జబ్బుతోనో ఉన్న జంతువులను చూసుకుంటున్నవారు, తక్కిన సగం మంది ఆరోగ్యంగా ఉన్న జంతువులను పెంచుకుంటున్నవారు. మతిమరుపు వ్యాధి వచ్చిన వృద్ధులను చూసుకునే కుటుంబ సభ్యుల భారాన్ని కొలవడానికి స్టీవెన్ జారిట్ అనే పరిశోధకుడు 1980లో రూపొందించిన ప్రశ్నావళినే ఇక్కడికి తగినట్టు మార్చి వాడారు. జబ్బుపడ్డ జంతువులున్నవారిలో భారం, ఒత్తిడి, ఆందోళన, కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి, జీవన నాణ్యత తక్కువగా కనిపించింది. అందరినీ ఒకే సమయంలో అడిగి చూసిన అధ్యయనం కనుక దేనివల్ల ఏది వచ్చిందో అది తేల్చలేదన్న మాట నిజమే. అయినా నన్ను ఆలోచింపజేసింది ఫలితం కన్నా ఆ కొలబద్ద. మీకంటూ సమయం మిగులుతోందా, ఇంకా ఏదో చేయవలసి ఉందన్న బాధ వెంటాడుతోందా వంటి ప్రశ్నలు మంచాన పడ్డ తల్లిని చూసుకునే కూతురికి ఎలా తగులుతాయో, పిల్లిని చూసుకునే మనిషికీ అలాగే తగులుతాయి.

అలాగని రెండూ ఒకటేనని నేను అనను. మనుషుల సేవలో లేని ఒక కష్టం ఇందులో ఉంది, నా దృష్టిలో అసలు బరువంతా అక్కడే ఉంది. రోగి మాట్లాడదు. మంచంమీదున్న మనిషి విసుక్కుంటూనో ఏడుస్తూనో "ఈ పూట నాకొద్దు" అని చెప్పగలదు, "నిన్నటికంటే నయం" అని చెప్పగలదు, కనీసం తల ఊపగలదు. పిల్లి మూడో రోజు కూడా గిన్నెను వాసన చూసి పక్కకు జరిగిపోతే అది వికారమో, నొప్పో, నోట్లో పుండో, గదిలో వినిపించిన కొత్త చప్పుడుకు కలిగిన బెరుకో మనమే ఊహించాలి, ఊహించినదాని మీద నిర్ణయం తీసుకోవాలి, తీసుకున్న నిర్ణయం తప్పేమోనని మళ్లీ దాని ముఖంలోకే చూడాలి. పైగా పిల్లులు నొప్పిని బయటపెట్టవు. మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పిల్లి ముఖంలో నొప్పిని గుర్తించడానికి ఒక కొలమానాన్ని ప్రచురించారు. చెవులు ఎటు తిరిగి ఉన్నాయి, కళ్లు ఎంత ముడుచుకున్నాయి, మూతి ఎంత బిగుసుకుంది, మీసాలు ఎలా నిలిచాయి, తల భుజాల కంటే పైకి ఉందా కిందికి వాలిందా అన్న అయిదింటిని చూసి అంకెలు వేస్తారు. నిపుణులకే ఇలాంటి సాధనం కావలసి వచ్చిందంటే, నిద్రలేని కళ్లతో అర్ధరాత్రి వంటింటి దీపం కింద అదే పని చేస్తున్న మామూలు మనిషి తికమకపడడంలో వింతేమీ లేదు.

"ముందే ఎందుకు కనిపెట్టలేకపోయాను" అన్న ప్రశ్న కూడా ఇక్కడినుంచే పుడుతుంది. ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బు చాలా మామూలు, ఆ జబ్బు లక్షణం ఏమిటంటే కిడ్నీల పనితనంలో దాదాపు మూడింట రెండు వంతులు పోయేదాకా అది పైకి పెద్దగా కనిపించదు. నీళ్లు ఎక్కువగా తాగుతోందని, బరువు తగ్గిందని మనకు తెలిసేసరికి జబ్బు చాలా దూరం వచ్చేసి ఉంటుంది. ఎవరి అజాగ్రత్తా లేకుండానే జరిగేదానికి బాధ్యతను నెత్తిన వేసుకుని కొందరు నెలల తరబడి కుమిలిపోతారు.

ఇంకొక కష్టం చేతికి సంబంధించినది. కిడ్నీ జబ్బున్న పిల్లికి ఒంట్లో నీరు తగ్గిపోకుండా ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించమని డాక్టర్లు నేర్పిస్తారు. సంచిని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచుతాము, ఎందుకంటే చల్లటి సెలైన్ ఒంట్లోకి దిగుతుంటే పిల్లి కదిలిపోతుంది. భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, ఏర్పడిన ఖాళీలోకి సూదిని పోనిస్తాము. లోతు ఎక్కువైతే సూది అవతలివైపు చర్మంలోంచి బయటికి వచ్చి వెంట్రుకలు తడిసిపోతాయి. సరిగ్గా దిగితే ఆ చోట నీరు ఉబ్బుగా చేరి, కాసేపటికి ముందుకాలి వైపు జారి, గంటల మీద ఒంట్లోకి ఇంకిపోతుంది. ఇదంతా నేర్చుకోవడం కష్టమేమీ కాదు. కష్టమల్లా సంచి ఉన్న అలమర తలుపు చప్పుడుకే మంచం కిందికి దూరిపోవడం దానికి అలవాటు కావడం. నిన్నటిదాకా ఏ ఒడిలో పడుకుందో ఆ ఒడినే చూసి భయపడుతున్న జంతువుకు, అది దాని మేలుకేనని చెప్పే భాష మన దగ్గర లేదు. నా పిల్లి సూది పడినప్పుడు అరిచేది కాదు, చెవులు వెనక్కి వేసి నేలను చూస్తూ కూర్చునేది. అరిచినా బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇక ఎవరూ పైకి చెప్పని ఆలోచనల సంగతి. ఎంతో ఓపికగా గొంతులో వేసిన మాత్రను సోఫా వెనక తడిగా చూసినప్పుడు వచ్చే కోపం, తెల్లవారుజామున లేచినప్పుడు "ఇది ఈ రాత్రే పోయి ఉంటే" అన్న ఊహ, ఆ ఊహ వెంటనే వచ్చే అసహ్యం. ఇవి ప్రేమ తగ్గినందుకు గుర్తులని జనం అనుకుంటారు, అనుభవించేవాళ్లు మరీ గట్టిగా అనుకుంటారు. నేను ఒప్పుకోను. మనోవైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో దుఃఖం మీద రాసిన వ్యాసంలో, మరణం జరగకముందే ముంచుకొచ్చే దుఃఖాన్ని గుర్తించాడు. యుద్ధానికి వెళ్లిన భర్త ఇక రాడేమోనని ముందే దుఃఖించి, ఆ దుఃఖాన్ని పూర్తి చేసుకున్న భార్య, తీరా అతను ప్రాణాలతో తిరిగివస్తే ప్రేమించలేకపోయిన సందర్భాన్ని ఆయన ప్రస్తావించాడు. నెలల తరబడి "ఈసారి పోతుంది" అని సిద్ధపడి, ప్రతిసారీ అది కోలుకుని గిన్నె దగ్గరకు వస్తే, సంతోషంతో పాటు ఒక మొద్దుబారినతనం కూడా మనసులోకి చేరడం అలాంటిదే. ముసలితనంలో మతి తప్పే కుక్కల విషయంలో ఇది ఇంకా జటిలం. అవి మూల దగ్గర నిలబడి వెనక్కి తిరగడం మరిచిపోతాయి, పగలంతా పడుకుని రాత్రంతా తిరుగుతాయి, పేరు పెట్టి పిలిస్తే పరాయివాళ్లను చూసినట్టు చూస్తాయి. దేహం ఎదురుగానే ఉండి మనిషి లేకుండా పోయే ఇలాంటి నష్టాన్ని పోలీన్ బాస్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. అందులో ఏడవడానికి ఒక రోజంటూ ఉండదు, అందుకే అది మనిషిని అంతగా పిండేస్తుంది.

ఇలాంటివాళ్లకు లోకం ఇచ్చే సలహా ఒకటుంది: "ముందు నీ ఆరోగ్యం చూసుకో." సదుద్దేశంతో చెప్పే మాటే అయినా, నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు. వ్యాయామం చేయి, ధ్యానం చేయి, వేళకు నిద్రపో అని చెప్పడమంటే, ఇప్పటికే పనుల జాబితా చాంతాడంత ఉన్న మనిషికి ఇంకో మూడు పనులు అంటగట్టడమే. కుక్క రాత్రి నాలుగుసార్లు లేపుతుంటే వేళకు నిద్రపొమ్మన్న సలహా ఎవరికి పనికొస్తుంది? ఆ కుక్క రాత్రి నిద్రపోయేలా మందులోగానీ, అది పగలు గడిపే తీరులోగానీ మార్పు చేయడం పనికొస్తుంది. అది మనిషికి ఉపశమనం, కుక్కకు చికిత్స, రెండూ ఒకటే. మోసేవాణ్ని ధైర్యంగా ఉండమనే ముందు మూటను విప్పి అందులో ఏమేమి ఉన్నాయో చూడాలన్నది నా వాదన.

చూడడానికి మొదటి చోటు డాక్టరు గది. అక్కడ మనలో చాలామంది అబద్ధం ఆడతాము. రోజుకు మూడుసార్లు మాత్ర వేయగలరా అంటే వేయగలమంటాము, ఎందుకంటే వేయలేమనడం ప్రేమ లేదని ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత సగం మాత్రలు నేలపాలవుతాయి. మందు పని చేయడం లేదని డాక్టరు మోతాదు పెంచుతాడు. మనిషి అలసట జంతువుకు ఎలా హాని చేస్తుందో దీనికంటే సూటిగా చూపే ఉదాహరణ లేదు. అదే నిజం చెబితే దారులు ఉంటాయి. కొన్ని మాత్రలకు బదులు ద్రవరూపంలో మందు దొరుకుతుంది. థైరాయిడ్ ఎక్కువైన పిల్లులకు ఇచ్చే మెథిమజోల్‌ను చెవి లోపలి చర్మానికి రాసే లేపనంగా కూడా తయారుచేస్తారు. ఇన్సులిన్ అయితే సాధారణంగా పన్నెండు గంటలకోసారి ఇవ్వవలసిందే, అందులో బేరం లేదు, కానీ ఆ రెండు వేళలు మన ఉద్యోగానికీ నిద్రకూ సరిపడేలా మొదట్లోనే ఎంచుకోవచ్చు. అన్నిటికంటే నాకు ఉపయోగపడిన ప్రశ్న ఇది: "ఈ మందుల్లో ఏది ఆపితే దీనికి నిజంగా తేడా వస్తుంది, ఏది ఉన్నా లేకపోయినా పెద్దగా తేడా ఉండదు?" ఏ మంచి డాక్టరైనా దానికి జవాబు చెప్పగలడు, కొన్నిసార్లు ఒకటి రెండు మందులు తనే తీసేస్తాడు కూడా. అయితే అడగకుండా మనంతట మనం ఆపకూడనివి ఉన్నాయి. మూర్ఛలకు ఇచ్చే ఫినోబార్బిటాల్, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ల వంటివాటిని ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాగే విసిగిపోయిన రాత్రి ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్ర వేయాలనిపిస్తే వేయకూడదు. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు, ఇబూప్రోఫెన్ కుక్కలకు కూడా విషమే.

డబ్బు గురించి ఒక్క మాటే. ఎంతవరకు ఖర్చు పెట్టగలరో మొదటి రోజే చెప్పేయండి. సిగ్గుపడి దాచుకుంటే ఆ సిగ్గు బిల్లుతో పాటు పెరుగుతుంది.

రెండో చోటు మన చూపు. రోజంతా జంతువును గమనిస్తూ కూర్చోవడం సేవ కాదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. దానివల్ల మనిషి నరాలు తెగుతాయి, జంతువుకు ఒరిగేది ఉండదు. గమనించడానికి ఒక కొలత, ఒక వేళ ఉంటే మిగతా సమయమంతా విడుదల. గుండె జబ్బున్న కుక్క నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టమని డాక్టర్లు చెబుతారు. ఛాతీ ఒకసారి లేచి పడితే ఒకటి. మామూలుగా అది 30 లోపే ఉంటుంది, అంతకు మించి నిలకడగా పెరుగుతూ ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని ఫోను చేయాలి. రోజుకు ఒకసారి లెక్కపెట్టి, కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని మూసేయవచ్చు. పిల్లి బరువును వారానికొకసారి తూచడమూ అలాంటిదే. ఆ కాసేపు తప్ప మిగతా రోజంతా అది రోగి కానక్కరలేదు. కిటికీలోంచి పావురాలను చూసి పళ్లు కటకటలాడించే మామూలు పిల్లిగా ఉండవచ్చు, మనమూ నర్సులం కాకుండా ఉండవచ్చు.

ఇంకాస్త పెద్ద కొలత కావాలనుకున్నవాళ్లకు పశువైద్యురాలు అలిస్ విల్లలోబోస్ 2004లో రూపొందించిన జీవన నాణ్యత పట్టిక ఉంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా అన్న ఏడింటికి సున్నా నుంచి పది దాకా అంకెలు వేసి, మొత్తం 35 దాటితే కొనసాగించవచ్చని చెబుతారు. అంకె తీర్పు చెబుతుందని నేను నమ్మను. దాని ఉపయోగం వేరే చోట ఉంది. ఇంట్లో ఇద్దరున్నప్పుడు ఒకరిదొకరు చూసుకోకుండా విడివిడిగా ఆ పట్టిక నింపాలి. సంతోషానికి ఒకరు ఏడు, ఇంకొకరు రెండు వేశారంటే, ఆ ఇద్దరూ చాలా రోజులుగా చేయకుండా తప్పించుకుంటున్న సంభాషణ అక్కడ మొదలవుతుంది. ఇంకొక ఫిర్యాదు కూడా ఉంది నాకు: ఆ ఏడు గడుల్లోనూ చూసుకునే మనిషికి చోటు లేదు.

కారుణ్య మరణం గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు. మనుషుల విషయంలో బంధువులు తేదీ నిర్ణయించవలసిన అవసరం దాదాపుగా రాదు. జంతువు విషయంలో చాలామందికి వస్తుంది. నిర్ణయించినవాళ్లు తొందరపడ్డామని, నిర్ణయించనివాళ్లు ఆలస్యం చేశామని బాధపడతారు. ఏ వైపు వెళ్లినా ఆ బాధ తప్పదని ముందే తెలుసుకోవడం కొంత మేలు. ఇంతకంటే మేలు చేసేది, జంతువు కాస్త బాగున్న రోజున, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు, షరతులను రాసిపెట్టుకోవడం: తనంతట తాను నీళ్ల దగ్గరకు వెళ్లలేనప్పుడు, మందు వేసినా నొప్పి అదుపులోకి రానప్పుడు, మనల్ని గుర్తుపట్టి దగ్గరకు రావడం మానేసినప్పుడు అని. సంక్షోభం వచ్చిన రాత్రి మనం కొత్తగా నిర్ణయించవలసిన పని ఉండదు, బాగున్న రోజున తీసుకున్న నిర్ణయాన్ని చదువుకుంటే చాలు. జరిగేది ఏమిటో కూడా తెలిసి ఉండాలి. ఎక్కువగా వాడేది పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు, చాలా పెద్ద మోతాదులో. నరంలోకి ఎక్కించాక సాధారణంగా నిమిషంలోపే, చాలాసార్లు క్షణాల్లోనే, స్పృహ పోతుంది. ఆ తర్వాత గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉండవచ్చు, ప్రాణం పోయాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి తీసినట్టు ఒళ్లు కదలవచ్చు. అది బాధ కాదు, కండరాల కదలిక. ఈ ఒక్క సంగతి ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల ఏళ్ల తరబడి ఆ దృశ్యాన్ని మోస్తున్నవాళ్లు నాకు తెలుసు.

ప్రాణం తీయడం సరికాదని నమ్మేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు తగువు లేదు. కానీ సహజ మరణం ప్రశాంతంగానే ఉంటుందన్న నమ్మకంతో మాత్రం ఆ దారి పట్టవద్దు. చివరి దశ కిడ్నీ జబ్బులో వికారం, నోటిపూత, నీరసం ఉంటాయి, కొన్నిసార్లు మూర్ఛలూ వస్తాయి. ఆ దారిలో వెళ్లేవాళ్లు నొప్పికీ వాంతులకూ మందులు రాయించుకుని ఇంట్లో ఉంచుకోవాలి.

పోయాక ముందుగా వచ్చేది ఊరట. ఇది చాలామందిని భయపెడుతుంది. గడియారం చూడకుండా పడుకున్న మొదటి రాత్రి గాఢంగా నిద్రపట్టినందుకు తమను తాము క్షమించుకోలేనివాళ్లు ఉన్నారు. ఊరట కలిగింది జంతువు పోయినందుకు కాదు, కాపలా ముగిసినందుకు. దుఃఖం ఆ తర్వాత తన వేళకు తాను వస్తుంది. వచ్చాక దాన్ని పెట్టుకోవడానికి చోటు ఉండదు. సెలవు దొరకదు, పరామర్శకు ఎవరూ రారు, "ఇంకొకటి తెచ్చుకో" అంటారు. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో ఒక పేరు పెట్టి, గుర్తింపు లేకపోవడమే దాన్ని ఎక్కువ చేస్తుందని వాదించాడు. పరామర్శించాలనుకునేవాళ్లు పిల్లి గురించి కథలు చెప్పమని అడిగితే చాలు, వేదాంతం అక్కరలేదు.

పశువైద్యుల మీద కూడా ఈ బరువు పడుతుంది. మనకు విసుగ్గా కనిపించిన డాక్టరు పక్క గదిలో అప్పుడే ఒక జంతువుకు చివరి సూది వేసి వచ్చి ఉండవచ్చు. అది తెలిసీ వాళ్లను ఒక్కటి అడుగుతాను. జంతువు వివరాలు రాసుకునే కాగితంలో బరువుకు, ఉష్ణోగ్రతకు, టీకాలకు గడులు ఉంటాయి. దీర్ఘకాలిక జబ్బు అని తేలిన రోజున ఆ కాగితం మీద ఇంకో రెండు ప్రశ్నలు రాసుకోవాలి: ఇంట్లో ఇవన్నీ చేసేది ఎవరు, ఆ మనిషికి బదులుగా చేయగలవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా. "నేనొక్కరినే" అన్న జవాబు వస్తే రోజుకు నాలుగు మందులను రెండుగా కుదించే ప్రయత్నం ఆ పూటే మొదలుపెట్టవచ్చు, సూది వేయడం నేర్చుకోవడానికి ఇంకొకరిని వెంటబెట్టుకు రమ్మని చెప్పవచ్చు. "నా చేత్తో తప్ప తీసుకోదు" అని మనం అడ్డు చెబుతాము. రెండో మనిషి చేత్తో ఒకసారి వేయించి చూస్తే గానీ అందులో నిజమెంతో తేలదు. ఇద్దరు పంచుకుంటున్నప్పుడు ఇన్సులిన్ ఇచ్చిన వెంటనే ఎవరు, ఏ వేళకు ఇచ్చారో రాసేయాలి. ఇచ్చామో లేదో అనుమానం వస్తే మళ్లీ ఇవ్వకుండా తర్వాతి వేళదాకా ఆగాలి, ఎందుకంటే ఒక మోతాదు తప్పిపోవడం కంటే రెండు మోతాదులు పడడం చాలా ప్రమాదకరం.